రేవు దాటి అంతర్వేదికి

మా కాలనీకి పేరిచ్చిన ఏ.ఎస్. రావు గారంటే అయ్యగారి సాంబశివరావు గారని, 1967లో ఈ.సి.ఐ.ఎల్. మొదలుపెట్టిన పెద్దాయనని ఇక్కడ కూరలబండి అబ్బాయికి కూడా తెలుసు. ఆయన పుట్టింది భీమవరం పక్కనున్న మోగల్లులో అని మాత్రం చాలామందికి తెలియదు. అల్లూరి సీతారామరాజు వాళ్ళ ఊరు కూడా అదే. ఈ సంగతి మా అత్తయ్యగారు పాతికేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నారు. సికింద్రాబాదులో ఉన్నా తను గోదావరి పేరు మీదున్న వీధిలోనే కాపురం ఉంటున్నట్టు ఆవిడకో తృప్తి.

మొన్న మాఘమాసం వెళ్ళాక ఆవిడ అంతర్వేది మొక్కు తీర్చుకోవడానికి కారులో బయల్దేరాం. మా వారు ఫోనులో దారి చూసి పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు, మలికిపురం అని లెక్క చెప్పారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నరసాపురం వెళ్ళి పంటు మీద దాటుదాం. వంతెన మీంచి పోతే ఊరెళ్ళినట్టు ఉండదు" అన్నారు. ఎనభై దాటిన మనిషి అడిగితే ఎవరు కాదంటారు?

తెల్లారగట్ల 4 గంటలకి ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాటాం. సూర్యాపేట, విజయవాడ సంగతి మీకు తెలిసిందే, చెప్పడానికేమీ లేదు. గుడివాడ దాటి కైకలూరు వైపు తిరిగాక గాలి మారుతుంది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు, నీటి వాసన. ఈ కైకలూరు దగ్గరే 2002 మార్చి 3న బాలయోగి గారి హెలికాప్టరు కూలింది. లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారిది కోనసీమలో ఎదుర్లంక. ఆ ఊరికీ యానానికీ మధ్య గౌతమి మీద కట్టిన వంతెనకి ఆయన పేరే పెట్టారు. రేవు దాటి చదువుకోవడానికి వెళ్ళిన ఊరి పిల్లాడి పేరు ఆ రేవునే మాన్పించిన వంతెన మీద ఉంది.

కోనసీమ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠలోంచి వైనతేయ ఇంకో పాయగా విడిపోతుంది. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య మిగిలిన నేలే కోనసీమ. కొబ్బరిచెట్లు, కాలవలు, వరిచేలు అని సినిమాల్లో చూసి ముచ్చటపడతాం కానీ, సూటిగా చెప్పాలంటే అదొక లంక. వంతెనలు రాకముందు అక్కడికి ఎవరు రావాలన్నా, అక్కణ్ణించి ఎవరు వెళ్ళాలన్నా ఏదో ఒక రేవులో నిలబడాల్సిందే. పెళ్ళికూతురైనా, పురుటి మనిషైనా, కలెక్టరైనా సరే.

మధ్యాహ్నం ఒంటిగంటకి నరసాపురం చేరాం. పంటు ఎక్కే రేవు పేరు మాధవాయిపాలెం. ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే మిషన్లు తిరిగేది కాదు, సరుకు కొని ఓడకెత్తే కొట్టు. చుట్టుపక్కల నేతగాళ్ళు నేసిన మెత్తని తెల్లని నూలుబట్ట ఇక్కణ్ణించి సీమకి వెళ్ళింది. మాధవాయిపాలెం అనడానికి వాళ్ళ నోరు తిరగక మడపోలం అన్నారు, ఆ బట్టకి ఆ పేరే ఉండిపోయింది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ మడపోలం అంటే ఒక రకం నూలుబట్ట. మనం చీరలకి ఊరి పేర్లు పెట్టుకుంటాం, ఉప్పాడ, మంగళగిరి, వెంకటగిరి అని. ఈ రేవు పేరు మాత్రం సముద్రం దాటి వెళ్ళి దొరసానుల గౌన్లకి లోపల వేసే గుడ్డ అయింది. ఓడలు కట్టడంలో కూడా నరసాపురానికి అప్పట్లో పేరుండేది. ఇప్పుడు రేవులో చూస్తే టీ బడ్డీ, మోటారు సైకిళ్ళ వరస, కొబ్బరిబోండాలు.

నరసాపురానికి ఇంకో పేరు లేసు. 1840ల్లో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి క్రోషే సూది పట్టడం నేర్పారు. అక్కణ్ణించి పల్లెపల్లెకీ పాకింది. అరుగు మీద కూర్చుని దారం, సూది చేత పట్టుకుని అల్లుతూ మాట్లాడే ఆడవాళ్ళు లేని వీధి ఈ చుట్టుపక్కల ఉండేది కాదట. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఇక్కడ తిరిగి, వీళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే వేశారు. ఆవిడ చెప్పిన అసలు సంగతి ఇది. ఈ ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశాలకి వెళ్ళి డబ్బు తెస్తోంది. కానీ వీళ్ళని పనివాళ్ళని ఎవరూ అనరు, ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళు ఊసుపోక చేస్తున్నారంటారు. అలా అన్నంతకాలం కూలి ఎంత తక్కువిచ్చినా చెల్లిపోతుంది. చదివినప్పుడు నాకు చురుక్కుమంది. ఖాళీగా ఉంటారు అన్న మాట మన ఇళ్ళలో ఎవరు వినలేదు చెప్పండి? 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అత్తయ్యగారి పెట్టెలో ఆవిడ పెళ్ళినాటి టేబులు గుడ్డ ఒకటుంది, వాళ్ళ అమ్మగారు అల్లింది. ఇన్నేళ్ళలో ఒక్క ముడి ఊడలేదు.

సరే, పంటు. వెనకటి రోజుల్లో రెండు నావల్ని పక్కపక్కన జోడించి మీద బల్లలు పరిచి, గడలు వేసి నడిపేవారు. ఇప్పుడు ఇంజను. "ఆయ్, ఇలా ముందుకి లాగించెయ్యండి సార్, ఇంకాస్త, ఇంకాస్త" అంటూ ఒకతను చెయ్యి ఊపుతుంటే మా వారు చెమటలు కక్కుతూ కారు పలకల మీదికెక్కించారు. పక్కన రెండు ఆటోలు, పాతిక దాకా మోటారు సైకిళ్ళు, గడ్డిమోపుతో ఒకావిడ, కాలేజీ పిల్లలు. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. ఇక్కడ వంతెన కడతామని ఎన్నోమార్లు చెప్పారు, శంకుస్థాపనలు కూడా జరిగాయి. మేం వెళ్ళేటప్పటికి మాత్రం దాటడానికి పంటే దిక్కు. అది లేకపోతే చించినాడ చుట్టు తిరగాలి. వరద వస్తే పంటు ఆపేస్తారు.

నది మధ్యకి వచ్చాక అత్తయ్యగారు కారు దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ పుట్టిల్లు నరసాపురం, అత్తిల్లు అవతల మలికిపురం దగ్గర పల్లె. పందొమ్మిదేళ్ళకి పసుపు బట్టలతో ఈ రేవే దాటారు. అంతవరకూ ఆ కథ మాకు తెలుసు. మా ఇంట్లో "మొదటి కాన్పు పోయింది" అన్న మూడు మాటలు కూడా తెలుసు. ఎప్పుడూ అంతకుమించి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ రోజు నీళ్ళకేసి చూస్తూ చెప్పారు.

పురిటికి ఇంకా నెల ఉందనగా సాయంత్రం నొప్పులొచ్చాయట. మంత్రసాని చూసి, అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళండి అంది. ఎడ్లబండి కట్టుకుని సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి చీకటిపడింది. ఆఖరి పడవ వెళ్ళిపోయింది. పైగా గాలి. పడవవాళ్ళని బతిమాలితే, ఈ గాలిలో నడి ఏట్లో పడవ తిరగబడితే అందరం పోతాం, తెల్లారనివ్వండి అన్నారు. "వాళ్ళని అనడానికేం లేదమ్మాయ్, వాళ్ళకీ పిల్లలున్నారు" అన్నారు అత్తయ్యగారు. రేవు ఒడ్డున బండిలోనే తెల్లవార్లూ ఉన్నారు. ఎదురుగా నరసాపురం దీపాలు కనిపిస్తూనే ఉన్నాయట. తెల్లవారి దాటి ఆసుపత్రికి చేరేసరికి తల్లి ఒక్కతే దక్కింది.

ఆ రాత్రి గురించి ఆవిడకి బాగా గుర్తున్నది ఒకటుంది. రేవు పక్కనున్న ఇంట్లోంచి ఎవరో ఒకావిడ లాంతరు పట్టుకుని వచ్చి, వేడి గంజిలో ఉప్పేసి తెచ్చి, తల ఎత్తి పట్టుకుని తాగించిందట. తెల్లారేదాకా అలా రెండుసార్లు వచ్చింది. పేరు తెలియదు, కులం తెలియదు, మళ్ళీ కనిపించలేదు.

నేను ఏమీ అనలేకపోయాను. ఇంతలో అవతలి ఒడ్డు వచ్చేసింది, ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

ఆ గంజి తెచ్చినావిడ లాంటివాళ్ళు ఈ నేల మీద ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళలో చరిత్రకెక్కింది ఒక్కరే, డొక్కా సీతమ్మగారు. అన్నం పెట్టిన పుణ్యాత్మురాలని మనందరం విన్నాం, చిన్నప్పుడు పాఠంలా కూడా చదువుకున్నాం. కానీ ఆవిడ ఇల్లు ఎక్కడుందో చూస్తేనే ఆ కథ పూర్తిగా అర్థమవుతుందని నాకు ఈ ప్రయాణంలో తోచింది. 1841లో మండపేటలో పుట్టారు. అడిగినవాళ్ళకల్లా అన్నం పెట్టే వాళ్ళ నాన్నగారిని ఊళ్ళో బువ్వన్న అనేవారట. లంకల గన్నవరం డొక్కా జోగన్న గారితో పెళ్ళయింది. ఆ ఊరు పేరులోనే లంకలున్నాయి. నదులు దాటుకుంటూ పోయే బాటసారుల దారి అది. పడవ తప్పిపోయినవాళ్ళు, వరద తగ్గేదాకా ఆగినవాళ్ళు, అంతర్వేది తీర్థానికి నడిచి వెళ్ళేవాళ్ళు, అందరికీ పొద్దెక్కుతుంది, ఆకలేస్తుంది. పూటకూళ్ళ ఇళ్ళు ప్రతి చోటా ఉండవు, ఉన్నా అందరి దగ్గరా డబ్బుండదు. అలాంటి చోట వేళాపాళా లేకుండా పొయ్యి ఆర్పని ఇల్లు ఒకటుందంటే దాని విలువ వేరు.

ఆవిడ గురించి కోనసీమలో చెప్పుకునే కథ ఒకటి అంతర్వేది దారిలోదే. సీతమ్మగారు ఏనాడూ ఊరు కదిలేవారు కాదు, వచ్చినవాళ్ళకి ఎవరు వండిపెడతారని. ఒక్కసారి మనసు పుట్టి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు అలుపు తీర్చుకోవడానికి ఆగారు. పక్కనే ఒక పెళ్ళివారి బృందం పోతోంది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం సీతమ్మగారింటికి చేరామంటే కడుపునిండా అన్నం అని సముదాయిస్తున్నారు. ఆ మాట చెవినపడగానే ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించేశారు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట.

ఈ కథ చెప్పినవాళ్ళందరూ ఇక్కడ ఆగి దణ్ణం పెడతారు. నేనూ పెడతాను. కానీ వంటింట్లో ముప్పై ఏళ్ళు గడిపినదాన్ని కాబట్టి నాకు ఇంకో ఆలోచన కూడా వస్తుంది. ఆ స్వామిని ఆవిడకి చూడాలని ఉంది కదా. ఆకలితో ఉన్న పిల్లల మాట విన్నాక ముందుకి వెళ్ళలేకపోయారు, అది ఆవిడ గొప్పతనం. ఆవిడ లేని ఒక్క పూటకి ఆ ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్ళు ఇంకెవరూ లేకపోవడం మాత్రం గొప్ప విషయం కాదు. రోజూ అంతమందికి వడ్లు ఎవరు దంచారు, పుల్లలు ఎవరు చీల్చారు, విస్తళ్ళు ఎవరు కుట్టారు, అంట్లు ఎవరు తోమారు? ఆ పేర్లేవీ మనదాకా రాలేదు. పెట్టీపెట్టీ ఆస్తి కరిగిపోయిందని కూడా చెబుతారు. 1903లో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం సందర్భంగా ఢిల్లీ దర్బారుకి పిలుపొస్తే వెళ్ళలేదనీ, దొరలు ఆవిడ ఫోటో తీయించుకుని వెళ్ళి కుర్చీలో పెట్టి గౌరవించారనీ ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆవిడ 1909లో పోయారు.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దగ్గరే. వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఇప్పుడున్న గుడి కట్టించింది కొపనాతి కృష్ణమ్మ గారు, పేరు చూసి ఆడమనిషి అనుకోకండి, పడవల మీద బతికిన అగ్నికుల క్షత్రియుల పెద్ద ఆయన. 1823లో పూర్తిచేశారు. కాటన్ దొర ఆనకట్ట కట్టడానికి పాతికేళ్ళ ముందన్నమాట. 2020 సెప్టెంబరులో స్వామి రథం రాత్రికి రాత్రి కాలిపోయినప్పుడు అత్తయ్యగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కొత్త రథం మరుసటి ఏడాదికే చేశారు. మాఘమాసంలో కళ్యాణమయ్యాక రథం కదిలి గుర్రాలక్క గుడి దగ్గరికి వెళుతుంది. ఆవిడ స్వామికి తోబుట్టువు. అక్కడ ఆగి చీర, సారె ఇచ్చాకే ముందుకి కదులుతుంది. దేవుడైనా ఆడపడుచుకి పెట్టాల్సింది పెట్టాకే దారి. మా వారికి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను.

తిరుగు ప్రయాణంలో మలికిపురం, రాజోలు మీదుగా పి. గన్నవరం వచ్చాం. అక్కడ వైనతేయ మీద ఒక చిత్రముంది. కింద నది, నది మీద కాలవ. దీన్నే అక్విడెక్టు అంటారు. 1832, 33ల్లో నందన కరువు, 1839లో కోరంగి తుఫాను, ఈ నేల మీద వరసగా దెబ్బలు పడ్డాయి. పక్కనే అంత నది పారుతున్నా జనం ఆకలితో చచ్చిపోవడం చూసి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. వైనతేయ అవతల ఉన్న నగరం లంకకి కూడా నీళ్ళివ్వాలంటే కాలవని నది దాటించాలి. అందుకు 1850ల మొదట్లోనే 49 కమానులతో ఈ కట్టడం లేపారు. ఇంజనీరు హెయిగ్ దొర పేరు పుస్తకాల్లో ఉంది. కాటన్‌కి కుడిభుజంగా ఉన్న వీణెం వీరన్న గారి పేరూ ఉంది. తట్టలు మోసిన వేలమంది ఆడామగా కూలీల పేర్లు లేవు. మా అత్తయ్యగారి అత్తింటి వరిచేలకి ఆ నీళ్ళే వచ్చేవి.

ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. కాలవ నీళ్ళు నది దాటడానికి 1850ల్లోనే దారి దొరికింది. మనుషులు దాటడానికి చాలాచోట్ల ఇంకో వందేళ్ళు, నూటయాభై ఏళ్ళు పట్టింది. వరి పండితే శిస్తు వస్తుంది, మనిషి దాటితే ఏమొస్తుంది అనుకున్నారేమో. కాటన్ దొర మీద నాకు గౌరవం తక్కువేం కాదు, ఆయన లేకపోతే మనం తినే అన్నమే లేదు. కానీ నొప్పులు పడుతున్న ఆడమనిషి రేవులో తెల్లవార్లూ కూర్చున్న సంగతి ఏ గెజెటీరులోనూ రాయరు. ఇదంతా పాతకాలం సంగతి అనుకోకండి. 2018 జులై 14న గౌతమి పాయలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలు ఎక్కిన పడవ, కడుతూ ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. గల్లంతైనవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. ఇల్లు చేరడానికి నది దాటుతున్నారు, అంతే. టీవీలో ఆ వార్త చూసినప్పుడు అత్తయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పాత అక్విడెక్టు ముసలిదైపోయిందని పక్కనే 2000 ప్రాంతంలో కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 2024 నుంచి ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే. నాకు ఈ అక్విడెక్టు పేరే ఎక్కువ నచ్చింది. ప్రాజెక్టులకి నాయకుల పేర్లు, దొరల పేర్లు చూసి చూసి ఉన్నాం. నది దాటలేక ఆగిపోయినవాళ్ళకి వండిపెట్టిన ఇల్లాలి పేరు నది దాటించే కట్టడానికి పెట్టాలని తోచినవాళ్ళెవరో, వాళ్ళింట్లో కూడా ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది.

కారు ఆపి దిగాం. ఒక పక్క పాత కమానులు, నాచు పట్టి, మధ్యమధ్య రావిమొక్కలు మొలిచి ఉన్నాయి. మా వారు లెక్కపెట్టబోయి ఇరవై దాటాక వదిలేశారు. అత్తయ్యగారు పోలీథిన్ సంచీలోంచి అంతర్వేది ప్రసాదం తీసి, కాస్త నీళ్ళలో వదిలారు. ఎవరికని నేను అడగలేదు. రావులపాలెం వచ్చేదాకా ఆవిడ కిటికీ పక్కనే కూర్చుని కొబ్బరితోటలు చూస్తూ ఉన్నారు. తర్వాత సిద్ధాంతం వంతెన మీద వసిష్ఠ దాటుతుంటే, "చూశావా, రెండు నిమిషాలు కూడా పట్టలేదు" అన్నారు.

మీలో ఎవరైనా నరసాపురం రేవు మీదుగా వెళ్ళాలనుకుంటే వరదల రోజులు తప్పించి వెళ్ళండి, ముందు రోజు పంటు తిరుగుతోందో లేదో కనుక్కోండి. చీకటి పడకముందే రేవు చేరేలా చూసుకోండి. లేసు కొనాలనుకుంటే అల్లినవాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడకండి.